తిన్నావా అని అడిగే చెట్టు

బహుళ పాడ్యమి

ఒసే బుడంకాయా,

ఎక్కడున్నావని అడగను. విత్తనాల ఆఫీసులో మూడో తొట్టిలో నానుతున్నావని తెలుసు. బతికుండగా నిన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. ఇప్పుడు బుద్ధిగా ఉన్నావు. సర్కారు దేన్నయినా సాధిస్తుంది.

ఈ రాత ఎందుకంటే, చెట్టు పక్కన పాతే పలక మీద ఇంటివాళ్ళు తమకు తోచింది రాసుకోవచ్చని పైవాళ్ళు దయతలిచారు. నేను చదివింది రెండో తరగతి, అదీ మాస్టారికి పడవ దొరికిన రోజుల్లో మాత్రమే. తప్పులుంటే నవ్వుకో. నీకు అలవాటేగా.

నీకు తెలిసిందే గానీ, పలక చదివే పైమెట్టల వాళ్ళకి తెలియకపోవచ్చు. మా ఏడో మెట్టలో ఎవరు పోయినా వాళ్ళ మాటల్ని మడ విత్తనంలోకి ఎక్కించి సముద్రపు గట్టు మీద నాటుతారు. వేళ్ళు గట్టుని పట్టుకుంటాయి. ఆకు తుంచి ఆకుపెట్టెలో వేస్తే పోయినవాళ్ళు మాట్లాడతారు. బతికినన్నాళ్ళూ గట్టు మొయ్యడం చాలదన్నట్టు, పోయాక కూడా అదే డ్యూటీ. సెలవు లేదు.

నా కూతురు లోవమణి గట్టు మీద గేటు మనిషి. మొన్నటి తుఫానులో అందరూ దిగి వచ్చేశాక ఒక్కతే ఉండి గేటు దించింది. గేటు దిగింది. నీళ్ళు ఊళ్ళోకి రాలేదు, గట్టు మీదున్న దాన్ని మాత్రం తీసుకుపోయాయి. గట్టు నిలిచింది, మెట్ట నిలిచింది. అందుకు నాకు ఒక శాలువా ఇచ్చారు. మంచి శాలువా. ఉక్కపోతలో కప్పుకోవడానికి బాగుంటుంది.

ఇవాళ ఆఫీసరు నూకరాజు గారు పిలిపించారు.

"మరిడమ్మగారూ, మీ అమ్మాయి మాటలన్నీ చూశామండి. చాలా పొదుపైన మనిషి," అన్నారు.

"ఏంటండీ పొదుపు?"

"నాలుగేళ్ళపాటు గేటు గదిలోంచి రోజూ ఫోను చేసింది కదా. ఏ ఫోను చూసినా 'అమ్మా, తిన్నావా?', ఆ తిండి సంగతే, ఆ తర్వాత పెట్టెయ్యడం. ఇంతే ఉంది. ఒకే మాట పక్కపక్కన వస్తే తొట్టి ఒప్పుకోదు. అందుకని అన్నీ కలిపి ఒక్కటి చేసేశాం."

"ఒక్కటా?"

"ఒక్కటేనండి. 'అమ్మా, తిన్నావా?' ఎంత చక్కగా ఉందో చూడండి. క్లుప్తంగా!"

నీ సంతాప సభలో ఈయనే పొద్దున మొదలుపెట్టి, పాటుకి నీళ్ళు వెనక్కెళ్ళి మళ్ళీ పోటు వచ్చేదాకా మాట్లాడాడు. క్లుప్తం గురించి ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

నేను కదల్లేదు. ఒక్కసారి అడిగితే అది మర్యాద. రేషను ఇన్స్పెక్టరు కూడా అడుగుతాడు ఒక్కసారి. రోజూ అడిగితేనే కూతురు. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే దాన్ని కూడా క్లుప్తం చేస్తాడు.

తొట్టి దగ్గర పనిచేసే సలోమి నన్ను లోపలికి తీసుకెళ్ళి స్టూలు వేసింది. పిచ్చుక పిల్లలా ఉంటుంది, మాట మాత్రం గట్టిది.

"చూడు పిన్నీ. మనం ఏం మాట్లాడినా విత్తనంలో నాలుగక్షరాలతోనే రాస్తాం," అంది.

నాకు యాభై ఆరు అక్షరాలు నేర్పించడానికి మాస్టారు బెత్తం విరగ్గొట్టాడు. నాలుగు చాలని అప్పుడే చెప్పి ఉంటే ఎమ్మే చదివేదాన్ని.

"చెట్టు పెరిగేటప్పుడు ఆ రాతని ప్రతి ఆకులోకీ చూసి రాసుకుంటుంది. ఒకే ముక్క వెంటనే మళ్ళీ వచ్చిందనుకో, ఎక్కడున్నానో మర్చిపోద్ది. అక్కడే తిరుగుద్ది. పోలయ్య తాత చెట్టు విన్నావుగా?"

వినకేం. పోలయ్య తాతకి చెవుడు. ఆయన మాటల్లో "ఏంటీ? ఏంటీ?" అని పక్కపక్కన రెండుసార్లు ఉండిపోయిందట, అప్పటి పాత తొట్టి పట్టుకోలేదు, ఎవరూ చూసుకోలేదు. ఇప్పుడు ఏ ఆకు తుంచినా "ఏంటీ ఏంటీ ఏంటీ" తప్ప ఇంకేం లేదు. ఆయన పాడిన పాటలన్నీ పోయాయి. వాళ్ళావిడ మాత్రం ఏమీ తేడా లేదంటుంది.

"మరి నా మాటలేవమ్మా? అది అడిగితే నేను జవాబు చెప్పేదాన్నిగా. మధ్యలో అవి ఉండాలిగా?"

"బతికున్నవాళ్ళ మాటలు చెరిపెయ్యాలని రూలు పిన్నీ. చెట్టు నీదా నాదా అని తగువులొస్తాయని." సలోమి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "చెరపాలని ఉంది గానీ, కొత్తగా పెట్టకూడదని లేదు. అక్క ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య నీ జవాబు పెడదాం. ఒక్క మాటకే చోటు. ఏం తిన్నావో అదే చెప్పు. తొట్టిలో రోజుకి ఒక్కటే అతుకుద్ది. అమావాస్య పాటుకి నాటేస్తారు. ఈలోగా ఎన్ని జవాబులు తెస్తే అక్క ప్రశ్నలు అన్ని మిగుల్తాయి. కానీ ఒకే మాట పక్కపక్కన జంట పడిందో, తొట్టి పాలలా విరిగిపోద్ది. మొత్తం పోద్ది."

"అంతేనా? నోటి పనే కదా."

"ఇవాళేం తిన్నావు?"

"ముద్ద."

అతికింది. 'అమ్మా, తిన్నావా? ముద్ద. అమ్మా, తిన్నావా?' అప్పటికి నువ్వు రెండుసార్లు అడిగావు. ఒక్కదానికి రెట్టింపు. నేను గెలిచినట్టే ఇంటికొచ్చాను.

విదియ

ముద్ద గురించి పైమెట్టల వాళ్ళకి చెప్పాలి. సర్కారు ముద్ద బూడిద రంగులో ఉంటుంది. అందులో అన్నీ ఉన్నాయట, రుచి తప్ప. ఆ ఒక్కటీ ఎవరికివ్వాలో తేలక ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు పోయిన దగ్గర్నుంచి నేను తింటున్నది అదే. పొయ్యి అక్కర్లేదు, ఎవరికోసం వండావని ఎవరూ అడగరు.

ఇవాళ కూడా వెళ్ళి "ముద్ద" అన్నాను. సలోమి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్న ముద్ద, ఇవాళ ముద్ద. జంట, పిన్నీ! వేరేది తిని రా."

"వేరేది ఎక్కడుంది?"

"రేషను కందిపప్పు ఏం చేశావు?"

మూట విప్పలేదు. విప్పాను. పొయ్యి అంటించాను. పక్కింటి ఆదెమ్మ బిందెడు నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది.

"వదినా, పొగొత్తంది! ఇల్లంటుకుందా?"

"పప్పు."

"ఇల్లంటుకున్నా ఇంత ఆశ్చర్యపోనులే," అని ఆ నీళ్ళు గుమ్మంలో దించి, అక్కడే చతికిలబడింది. నేను తినేదాకా కదల్లేదు. నేనెక్కడ పప్పుని పిల్లికి పెడతానో అని దాని భయం. మెట్ట మీద పిల్లులు లేవన్న సంగతి కూడా మర్చిపోయింది.

సాయంత్రం పోటు రాకముందే వెళ్ళి "పప్పు" అన్నాను. అతికింది.

చవితి

నిన్న ముద్ద తిన్నాను, ముద్ద అని చెప్పాను. పప్పుకి ముందొకటి, వెనకొకటి, పక్కపక్కన లేవు. సలోమి ఒప్పుకుంది. ఇవాళ పప్పు వండుకుని దర్జాగా వెళ్ళాను.

"ఆగు ఆగు ఆగు!" అని సలోమి నా నోరు మూసినంత పని చేసింది.

"నిన్న పప్పు తినలేదుగా!"

"పప్పు పక్కన పప్పు లేదు. నిజమే. కానీ ముద్ద, పప్పు, మళ్ళీ ముద్ద, పప్పు. ఆ రెండూ కలిపి ఒక ముక్క అనుకో. ఆ ముక్క పక్కన మళ్ళీ అదే ముక్క. అదీ జంటే."

"నువ్వు తొట్టి దగ్గర ఉండాల్సినదానివి కాదమ్మా. పెళ్ళిళ్ళు కుదర్చాల్సినదానివి. ఎక్కడ చూసినా నీకు జంటలే."

సలోమి నవ్వి బల్ల మీద గవ్వలూ చింతగింజలూ పోసింది. గవ్వ ముద్ద, గింజ పప్పు. "నువ్వే పేర్చు."

పేర్చాను. గవ్వ, గింజ, గవ్వ. నాలుగోది గవ్వ పెడితే గవ్వలు రెండూ అంటుకుంటున్నాయి. గింజ పెడితే మొదటి రెండూ చివరి రెండూ ఒకటే. తీసి మళ్ళీ గింజతో మొదలుపెట్టినా అంతే. రెండే వస్తువులతో మూడు పూటలకి మించి నడవదు. ఎంత తెలివైనవాళ్ళకైనా నడవదట. నాకు కొంచెం తృప్తి కలిగింది.

"మూడుంటే మాత్రం ఎంతదూరమైనా పోవచ్చు పిన్నీ. నూరేళ్ళు తిన్నా జంట పడకుండా పేర్చుకోవచ్చు."

"ఎవరు చెప్పారు?"

"లెక్క."

లెక్కకి ఉన్న జాలి రేషను కొట్టుకి లేదు. అక్కడ ఉన్నవి ముద్దా, కందిపప్పూ. తుఫాను దగ్గర్నుంచి పడవలు కట్టేశారు, చేప లేదు. ఆదెమ్మ మాత్రం కప్పు మీద పగిలిన తొట్టెలో గోంగూర పెంచుతోంది. ఎవరికీ ఆకు కూడా విదల్చదు. వెళ్ళి నిలబడ్డాను.

"లోవమణి ఇంకోసారి అడగాలంటే గోంగూర కావాలి ఆదెమ్మా."

అది వెంటనే తొట్టె మీదకి వంగింది. సగం తొట్టె కోసి ఒళ్ళో పోసింది. పోస్తూ, "మూడు గిన్నెలకొత్తాది. తాలింపు మాడ్చకు. నువ్వు ఎప్పుడూ మాడుత్తావు," అంది.

గోంగూర అతికింది. తాలింపు మాడింది.

సప్తమి

కిటుకు దొరికింది నాకు. రోజూ వండక్కర్లేదు. ఒకరోజు ముద్ద, ఒకరోజు వంట. మొన్న పంచమి ముద్ద, నిన్న షష్ఠి పప్పు, ఇవాళ ముద్ద. అన్నీ అతికాయి. మనసు సగం పెడితే చాలు, పని పూర్తిగా అవుతోంది. ఇలాంటి ఏర్పాటు నాకిష్టం.

సలోమి ఇవాళ నా మాట ఎక్కించి, గవ్వల వైపు చూసి, పెదవి కొరుక్కుంది. ఏంటంటే ఏం లేదంది. ఆఫీసులో ఏం లేదన్నారంటే ఉన్నట్టే.

అష్టమి

ఉంది.

బల్ల మీద మొదటి రోజునుంచీ పేర్చి చూపించింది. గోంగూరకి ఉప్పురాయి. గవ్వ, గింజ, గవ్వ, రాయి, గవ్వ, గింజ, గవ్వ.

"ఇప్పుడు గవ్వ పెట్టు."

పక్కనే గవ్వ ఉంది. జంట.

"గింజ పెట్టు."

గవ్వ, గింజ, గవ్వ, గింజ. జంట.

"రాయి."

పెట్టాను. గవ్వ, గింజ, గవ్వ, రాయి. మళ్ళీ గవ్వ, గింజ, గవ్వ, రాయి. అంత పొడుగు జంట ఉంటుందని నేనసలు అనుకోలేదు. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి.

"మూడుంటే నూరేళ్ళు నడుస్తుందన్నావు!"

"నడుస్తుంది పిన్నీ. దారి చూసి నడిస్తే. నువ్వు రోజు మార్చి రోజు ముద్ద దగ్గరికే తిరిగొచ్చావు. ఆ దారి ఇక్కడితో ఆగిపోద్ది. నిన్ననే చూశాను. చెప్దామంటే అప్పటికే అతికిపోయింది. అతికింది ఊడదు."

అంటే తినడంలో నేను చూపించిన బద్ధకం నీ నోరు మూసేసిందన్నమాట.

ఆఫీసరు గారు సరిగ్గా అప్పుడే వచ్చారు. అలాంటి సమయాలు ఆయనకి ఎలాగో తెలుస్తాయి. "చాలు కదండీ మరిడమ్మగారూ. ఒక్కటి అన్నచోట ఇన్ని వచ్చాయి. సంతోషంగా ముగించేద్దాం. తొట్టి కోసం ఇంకో ఇద్దరు వెయిటింగులో ఉన్నారు." పోయినవాళ్ళకి అంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు.

ఆయన వెళ్ళాక సలోమి గుసగుసగా, "బిర్యానీ అనెయ్యి పిన్నీ. తొట్టికేం తెలుస్తుంది? కొత్త మాటైతే చాలు," అంది.

"తొట్టికి తెలీదు. దానికి తెలుస్తుంది."

నీకు నేను చెప్పిన ఏ అబద్ధం నిలిచింది గనక. తిన్నానంటే ఏం కూరనేదానివి. కూర చెప్తే ఉప్పు సరిపోయిందా అనేదానివి. మూడో ప్రశ్నకి దొరికిపోయేదాన్ని. ఆఫీసు లెక్కలో అవన్నీ ఒకే ప్రశ్నట.

"సరే, ఇవాళ పస్తుంటాను," అన్నాను. "అబద్ధం కాదు. 'పస్తు' అని ఎక్కించు. కొత్త మాటే కదా."

సలోమి ముఖం ఎర్రబడింది. ఆ పిల్లకి కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"అది చెట్టు పిన్నీ. నువ్వూ నేనూ పోయినా ఉంటుంది. అక్క 'తిన్నావా' అంటే 'పస్తు' అని చెప్పిస్తావా దానికి? ప్రతి ఆకులో? గేటు దించి ఊరంతటికీ అన్నం మిగిల్చిన మనిషికి?"

నేను లేచి వచ్చేశాను.

మన మెట్ల దగ్గర నువ్వు పాత ఇనప టోపీలో పెట్టిన బుడంకాయ తీగ ఉంది కదా. ఉప్పుగాలికి చుట్టుపక్కల అన్నీ మాడాయి, అది మాత్రం ఎవరో అడిగినట్టు కాస్తోంది. కడుగునీళ్ళు పోస్తున్నాను. కాయ కొయ్యలేదు. పండి రాలి మెట్ల మీద పగులుతుంటే ఊడ్చేస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు. బుడంకాయల్లో చేదువి కలుస్తాయి, ఒక్క చేదు కాయ పడితే పచ్చడంతా పాడు. ప్రతి కాయా కొసన కొరికి చూడాలి. ఆ పని నీది. చిన్నప్పుడు బావుంటే సైగ చేసి, చేదైతే నా చీరకొంగులో ఉమ్మేదానివి. అందుకేగా ఆ పేరు పెట్టుకున్నాను నీకు.

ఇవాళ కోశాను. మెట్టు మీద కూర్చుని మొదటిది కొరికాను. విషంలా ఉంది. చూశావా, నీ తీగ నన్ను కూడా నమ్మలేదు. నా కొంగులోనే ఉమ్ముకున్నాను. రెండోది పుల్లగా, చల్లగా ఉంది. మూడోది బావుంది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది, అప్పుడు ఏది చేదో ఏది ఉప్పో తెలియక ఆగాల్సి వచ్చింది. ఆదెమ్మ తన గుమ్మంలోంచి చూసి, రాకుండా, పచ్చిమిరపకాయలు రెండు విసిరింది. ఒకటి నీళ్ళ బిందెలో పడింది.

పచ్చడి నూరాను. ఈసారి తాలింపు మాడలేదు. వేడన్నంలో కలుపుకుని తిన్నాను. ఇంకోసారి కలుపుకున్నాను కూడా.

పోటు తన్నుకొస్తుంటే మోకాళ్ళ నీళ్ళలో ఆఫీసుకి వెళ్ళాను. సలోమి తలుపు వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఏం తిన్నావు పిన్నీ?"

"బుడంకాయ పచ్చడి."

"ఒక్క మాటే."

"బుడంకాయ."

అతికింది.

ఏకాదశి

ముద్ద మానేశాను. దాని మీద ప్రత్యేకం కోపం లేదు, కానీ దాంతో వెళ్తే వెనక్కే వెళ్తున్నాను. ఇప్పుడు రోజూ వంటే. పొద్దున్నే గవ్వలు పేర్చి చూసుకుని, ఏం వండాలో అవి చెప్పినట్టు వండుతున్నాను. పెళ్ళయిన కొత్తలో మీ నాన్న చెప్పినట్టు కూడా ఇంతలా వండలేదు.

"ఏకాదశి కదొదినా, ఉపవాసం ఉండవా?" అంది ఆదెమ్మ.

"తొట్టి ఒప్పుకోదు."

"దేవుడో?"

"ఆయనకి ఉపవాసం ఉండటానికి ఇంకా చాలామంది ఉన్నారు."

నిన్న సలోమికి గిన్నెలో పప్పు పట్టుకెళ్ళాను. మూత తీసి, ముక్కు గిన్నెలో పెట్టి వాసన చూసింది. ఆ పిల్ల ముద్ద తప్ప ఏం తింటోందని ఎవరైనా అడిగారా? నేనూ అడగలేదు ఇన్నాళ్ళూ. రోజూ వెళ్ళి నా మాట చెప్పి వచ్చేశాను. "తిన్నావా?" అన్నాను. నా నోటినుంచి ఆ మాట బయటికి రావడం నాకే కొత్తగా వినిపించింది.

త్రయోదశి

పడవలు వదిలారు. కొయ్యింగ చేపలు వచ్చాయి. పులుసు పెట్టాను. సలోమి, ఆదెమ్మ, నేను కూర్చుని తిన్నాం. ఆదెమ్మ ముల్లు గొంతులో ఇరుక్కుని నన్ను తిట్టింది, తర్వాత ఇంకో ముక్క వేసుకుని మళ్ళీ తిట్టింది. రెండో తిట్టు మొదటిది కాదు. జంట పడకుండా తిట్టడం దానికి పుట్టుకతో వచ్చింది.

'పులుసు' అతికింది.

అమావాస్య

ఇవాళ నాటారు. నీ గేటు పక్కనే, గట్టు మీద.

నాటే ముందు సలోమి అడిగింది, "ఇవాళ్టి జవాబు చెప్పు పిన్నీ. దాంతో మూసేస్తాను."

"వద్దు. అక్కడే ఆపు."

"చివర అక్క ప్రశ్నే మిగిలిపోద్ది."

"మిగలనీ. జంట పడుతుందా?"

గవ్వలు చూడకుండానే తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత తనే మూత బిగించింది.

నూకరాజు గారు మాట్లాడారు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పారు, ఏ తొట్టీ విరగలేదు. ఈయన పోయాక తొట్టి దగ్గర ఎవరికి డ్యూటీ పడుతుందో గానీ, అప్పటి సలోమి మీద నాకు జాలేసింది. ఆయన ఆగినప్పుడు విత్తనాన్ని నేనే బురదలోకి నొక్కాను. చల్లగా ఉంది. నీ చెయ్యి కంటే చిన్నదిగా ఉంది. చెయ్యి వెంటనే తియ్యలేకపోయాను. పాటు వెళ్ళిపోతోంది, నీళ్ళు తిరిగొచ్చేలోగా మట్టి కప్పాలని వెనకనుంచి ఎవరో అన్నారు. కప్పాను.

నాలుగేళ్ళు నువ్వు అడిగినదాంట్లో నాకు మిగిలింది ఈ గుప్పెడే. కాదని ఏడిస్తే పెరగదు. కానీ ఇందులో ఒక్కటి కూడా నేను అబద్ధం పెట్టలేదు. ఉప్పు సరిపోయిందా అని నువ్వు అడిగినా దొరకను.

ఇంక బుడంకాయతో మాటలయ్యాయి. ఇది పలక చదివే మీకు.

మీరెవరో నాకు తెలియదు. గేటు చూడ్డానికి వచ్చారో, నీడకి ఆగారో. చెట్టు ఎదిగి ఉంటుంది. అడక్కుండా ఒక ఆకు తుంచుకోండి, ఏమీ అనుకోదు. పెట్టెలో వెయ్యండి. అది "అమ్మా, తిన్నావా?" అంటుంది. నేను ముద్దంటాను, పప్పంటాను, బుడంకాయంటాను. మా ఇద్దరి గొడవ అయ్యేదాకా ఓపిక పట్టండి. ఆఖరున అది ఇంకోసారి అడుగుతుంది. దానికి నా జవాబు ఉండదు. అప్పటికి నేనూ ఏ గట్టు మీదో డ్యూటీలో ఉంటాను. అది అడిగి ఊరుకునే రకం కాదు, జవాబు కోసం చూస్తుంది. అది మీరే చెప్పాలి. దానికి అబద్ధం చెప్పకండి, తెలిసిపోతుంది.

అందుకని ఇక్కడికి వచ్చే ముందు ఇంత అన్నం వండుకుని, కడుపునిండా తిని రండి.